రెండు పడవల మీద బల్లకట్టు

చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, చేతికర్ర మడిచి సంకలో పెట్టుకుని, "సార్, పన్నెండు రోజుల అటెండెన్స్ కావాలి" అన్నాడు. అంధుల క్రికెట్ ఆడతాడు. జోనల్ పోటీలకు వెళ్లి వచ్చాడు. నేనప్పుడు విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, ఆ ఏడు హాజరు పట్టీలు చూసే బాధ్యత నా మీద పడింది. ఎదురుగా చూపులేని కుర్రాడు, చేతిలో టోర్నమెంటు కాగితం, నా నోటికి వచ్చిందేమో మా నాన్న నాకు చెప్పిన మాట. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు బాబూ. ముందు డిగ్రీ కానీ."

వాడు నవ్వాడు. జగ్గయ్యపేట అవతల, ముక్త్యాల రేవు దగ్గర వాళ్లది. "మా ఊళ్లో రెండు పడవల మీద లారీలు కూడా ఏరు దాటతాయి సార్, బల్లకట్టు వేస్తే" అన్నాడు.

మాటకు మాట చెప్పాడనుకున్నాను. హాజరు ఇవ్వలేదు. ఆ సెమిస్టర్ పోయింది, మరుసటి ఏడాది జూనియర్లతో కూర్చుని రాశాడు. తప్పు వాడిది కాదు, నాది. నిబంధన పుస్తకం తెరిచి చూసే ఓపిక నాకు లేక సామెత చెప్పి పంపించాను. సామెతలతో ఉన్న సౌకర్యమే అది, విన్నవాడు ఎదురు అడగడు.

ముక్త్యాల, మాదిపాడు మధ్య కృష్ణ మీద బల్లకట్టు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పడవల్ని పక్కపక్కన గట్టిగా కట్టి, పైన బల్లలు పరిచి, దాని మీదకి బళ్లు ఎక్కిస్తారు. విడివిడిగా ఉంటే మనిషి కాళ్లు చీలిపోయే పడవలే, కలిపి కడితే మిర్చి బస్తాల లారీని మోస్తాయి. తేడా అంతా మధ్యలో వేసిన బల్లల్లోనూ, బిగించిన మోకుల్లోనూ ఉంది. ఈ అధ్యాయం ఆ బల్లల గురించి. చదువు ఎలా చదవాలో మీ లెక్చరర్లు చెబుతారు, ఆట ఎలా ఆడాలో కోచ్ చెబుతారు. ఆ రెండింటినీ కట్టే పని మీకు ఎవరూ నేర్పరు. దివ్యాంగ క్రీడాకారులకు ఆ పనే అన్నిటికంటే బరువు.

(మా తరం వికలాంగులు అనేది, ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. నాకు తెలిసిన ఆటగాళ్లు మాత్రం "పారా" అనిపించుకోవడానికే ఇష్టపడుతున్నారు, వాళ్ల ఆట పేరు అందులో ఉంది కాబట్టి. నేను రెండు మాటలూ వాడతాను.)

మూడో పని

చదువునూ ఆటనూ కలిపి నడిపిన మనిషి కావాలంటే విజయవాడ వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. వెన్నం జ్యోతి సురేఖ వడ్డేశ్వరంలోని కేఎల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూనే కాంపౌండ్ విల్లుతో ప్రపంచం తిరిగింది, ఆ తర్వాత ఎంబీఏ కూడా చేసింది. 2017లో అర్జున పురస్కారం అందుకుంది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. మన ఊరి పిల్లే కదా అని అందరూ ఆమెను చూపించి "టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకోండి" అంటారు. సలహాలో తప్పు లేదు. కానీ పారా క్రీడాకారుడికి ఆ సలహా సగమే సరిపోతుంది. సురేఖ లెక్కలో రెండు పనులున్నాయి, మీ లెక్కలో మూడు.

మూడోది మీ ఒంటిని నడిపించుకునే పని.

నాకు తెలిసిన ఒక అమ్మాయి బీకాం చదువుతోంది. వెన్నుపూసకు దెబ్బ తగిలి నడుము కింద స్పర్శ లేదు. కూర్చుని షాట్‌పుట్ వేస్తుంది. ఇనుప పైపులతో చేసిన త్రోయింగ్ ఫ్రేమ్‌ను బెల్టులతో నేలకు బిగించి, తనను ఆ ఫ్రేమ్‌కు పట్టీలతో బిగించి, అప్పుడు గుండు చేతికి ఇస్తారు. మొదటి గుండు గాల్లోకి లేచేసరికి అరగంట అవుతుంది. "నాకు టైమ్ చాలడం లేదు అంకుల్, సోమరిదాన్నేమో" అందామె ఒకసారి. సోమరితనమో కాదో తర్వాత చూద్దాం, ముందు ఒక వారం పాటు రాయమని రూళ్ల పుస్తకం కొనిచ్చాను. చదువు గంటలు వద్దు, ఆట గంటలు వద్దు, ఆ రెండూ కాని గంటలు రాయమన్నాను.

వారం తర్వాత పుస్తకం ఇలా ఉంది. పొద్దున్నే అద్దం పెట్టుకుని తుంటి మీద, మడమల మీద చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసుకోవడం, కట్టు మార్చుకోవడం, ముప్పావు గంట. కాథెటర్‌తో మూత్రం తీసుకోవడం రోజుకు అయిదుసార్లు, ప్రతిసారీ పావుగంట. చక్రాల కుర్చీ ఎక్కించుకునే ఆటో కోసం రోజూ అందరికంటే అదనంగా పోయే యాభై నిమిషాలు, వారంలో ఆరు రోజులు. కంప్యూటర్ ల్యాబ్ పై అంతస్తులో ఉంది, ఎత్తుకెళ్లేవాళ్ల కోసం కింద ఎదురుచూసినవి వారానికి రెండు గంటలు. ఫిజియోథెరపీ మూడు గంటలు. కూడితే 24 గంటలు. వారంలో సరిగ్గా ఒక రోజు.

ఆ అమ్మాయి వారానికి ఏడు రోజులు కాదు, ఆరే. ఆరు రోజుల వారంలో ఏడు రోజుల టైమ్‌టేబుల్ పట్టించాలని చూసి, పట్టక, తనను తాను తిట్టుకుంటోంది. పుస్తకం చూశాక తిట్టుకోవడం మానేసిందని చెప్పను, అంత త్వరగా మానరు ఎవరూ. కానీ ల్యాబ్ కింద పోతున్న రెండు గంటల సంగతి మొదటిసారి కోపంగా మాట్లాడింది. అవి ఆమె ఒంటి వల్ల పోతున్న గంటలు కావు, లిఫ్టు లేక పోతున్న గంటలు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. ఒక వారం, మూడో పని మాత్రమే రాయండి. చూపు లేనివాళ్లయితే పాఠ్యపుస్తకాన్ని స్కాన్ చేయించి స్క్రీన్ రీడర్ చదివేలా సరిచేసుకునే గంటలు, పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్ కోసం ఫోన్లు చేసిన గంటలు రాయండి. వినికిడి లేనివాళ్లయితే క్లాసులో పెదాలు చదివి చదివి సాయంత్రం తల పగిలిపోయి ఏమీ చేయలేక పడుకున్న గంట కూడా రాయండి. కృత్రిమ కాలు ఉన్నవాళ్లయితే, మన బెజవాడ ఉక్కపోతలో లోపల చెమట పట్టి, ఒరుసుకుని, కాలు తీసి ఆరబెట్టుకున్న ప్రతిసారీ రాయండి. తర్వాత రెండు రంగులతో గీతలు గీయండి. ఒంటి వల్ల తప్పని గంటలకు ఒక రంగు, ఏర్పాటు లేక పోతున్న గంటలకు ఇంకో రంగు. మొదటి రంగు గంటల్ని టైమ్‌టేబుల్‌లో అన్నిటికంటే ముందు రాసేయండి, పూజగదికి చోటు వదిలాక ఇల్లు ప్లాన్ గీసినట్టు. రెండో రంగువి ఈ అధ్యాయం చివరికి దాచుకోండి, వాటితో పనుంది.

బందరు నుంచి, విశాఖ నుంచి

శ్రీకాంత్ బొల్లా పేరు అతని మీద 2024లో వచ్చిన హిందీ సినిమా తర్వాత చాలామందికి తెలిసింది. బందరు దగ్గర సీతారామపురంలో 1991లో, చూపు లేకుండా పుట్టాడు. రైతు కుటుంబం. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు తీసుకుంటానంటే చూపులేని విద్యార్థికి ఇవ్వడం కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి తెచ్చుకున్నాడు. పుస్తకాలన్నీ ఆడియోగా మార్చించుకుని 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీకి దరఖాస్తు పెట్టాడు, అక్కడ చేరిన మొదటి అంతర్జాతీయ అంధ విద్యార్థి అయ్యాడు. తిరిగి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఈ కథలో సినిమా వాళ్లకు పనికొచ్చిన ముక్కలు ఇవి.

మనకు పనికొచ్చే ముక్క వేరే. ఆ కుర్రాడు జాతీయ స్థాయిలో అంధుల క్రికెట్, చదరంగం ఆడాడు. అదీ, ఇంటర్మీడియట్ గ్రూపు కోసం నెలల తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చిన మనిషి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు దీన్ని పట్టుదల అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. నేనూ గతంలో అలాగే రాశాను. ఇప్పుడు నాకు అందులో కనిపించేది కాగితం. ఎవరో కాదన్నారు, ఆ కాదన్నదానికి ఆధారం ఏమిటని ఇతను అడిగాడు, అడగాల్సిన చోట అడిగాడు. పట్టుదల మీకూ ఉంది, లేకపోతే ఈ పుస్తకం ఇంతదాకా చదవరు.

గుంటూరు ప్రాంతపు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ కప్పులు తెచ్చాడు, 2023 అర్జున జాబితాలో అతని పేరుంది. అంధుల క్రికెట్ చూడనివాళ్లు ఒక్కసారి చూడండి. ప్లాస్టిక్ బంతిలో ఇనప గుళ్లుంటాయి, దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలర్ "రెడీ?" అని అడుగుతాడు, బ్యాటర్ "యెస్" అన్నాకే "ప్లే" అంటూ చెయ్యి కిందనుంచి వేస్తాడు. బొత్తిగా చూపు లేని బీ1 ఆటగాళ్లు జట్టులో కనీసం నలుగురు ఉండాలి, వాళ్లు తీసిన ఒక పరుగు రెండుగా లెక్క. స్టాండ్స్‌లో ఎవరూ అరవరు, అరిస్తే బంతి వినపడదు. నిబంధన మారిస్తే ఆట పలచబడుతుందనేవాళ్లకు నేను ఇదే చూపిస్తాను. మన స్టాఫ్ రూముల్లో "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అనే వాదన ఒకటుంది చూడండి, దానికి జవాబు ఆ రెండు పరుగుల లెక్కలో ఉంది.

నితేష్ కుమార్ మన రాష్ట్రం వాడు కాదు, కానీ అతని కథ మలుపు తిరిగింది మన రాష్ట్రంలోనే. 2009లో విశాఖపట్నంలో రైలు ప్రమాదంలో కాలు పోయింది. అప్పటిదాకా ఫుట్‌బాల్ పిచ్చి. నెలల తరబడి మంచం మీద ఉండి, తర్వాత పుస్తకాల్లో పడి ఐఐటీ మండీలో సీటు తెచ్చుకున్నాడు. బ్యాడ్మింటన్ అతనికి దొరికింది అక్కడ, క్యాంపస్‌లో. 2024 సెప్టెంబర్ 2న పారిస్ పారాలింపిక్స్‌లో బ్రిటన్ ఆటగాడు డేనియల్ బెథెల్ మీద మూడో గేమ్ 23-21తో గెలిచి ఎస్ఎల్3 తరగతి స్వర్ణం అందుకున్నాడు. చదువు ఆటకు అడ్డమని చెప్పే పెద్దవాళ్లకు ఈ వరుస కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఇక్కడ చదువే అతన్ని బ్యాడ్మింటన్ కోర్టు దగ్గరికి తీసుకెళ్లింది.

దీన్నుంచి నేను తీసుకునే సలహా చాలా మామూలుది. కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు కంటే ముందు దూరం చూడండి. హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి గ్రౌండుకు, గ్రౌండు నుంచి బాత్రూముకు ఎంత దూరం, మధ్యలో ఎన్ని మెట్లు. అవనిగడ్డ వైపు నుంచి రోజూ బస్సులో బెజవాడ వచ్చి, సాయంత్రం బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ స్టేడియంలో ప్రాక్టీసు చేసి, రాత్రి మళ్లీ పామర్రు మీదుగా వెనక్కి వెళ్లే పిల్లల్ని చూశాను. రెండు కాళ్లూ ఉన్నవాళ్లే మూడు నెలల్లో ఆట వదిలేశారు. పేరున్న కాలేజీ అయిదు కిలోమీటర్లు, పేరులేని కాలేజీ స్టేడియం గోడ పక్కనే అయితే, నా ఓటు గోడకు. సీటు సంగతి కూడా గుర్తుంచుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు మీవి, వయసులో అయిదేళ్ల సడలింపు కూడా ఉంది. అడిగి మరీ కావాల్సిన కాలేజీలో చేరవచ్చు.

హర్విందర్ సింగ్ హర్యానా రైతుబిడ్డ. పారిస్‌లో విలువిద్యలో స్వర్ణం కొట్టేనాటికి పటియాలాలోని పంజాబీ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో గ్రౌండ్లు మూసేస్తే తండ్రి పొలాన్నే విలువిద్య మైదానంగా మార్చాడు. మన డెల్టా రైతు ఆ పని చేయగలడా అని ఒకసారి ఆలోచించాను. వరి కోత కాకముందే మినుము చల్లేస్తాం, చేను ఖాళీగా ఉండే రోజులే తక్కువ. అయినా చెరువు గట్టు ఉంది, బడి ఆవరణ ఉంది, కళ్లం ఉంది. స్టేడియం మూసిన రోజున ఎక్కడ ప్రాక్టీసు చేస్తారో ముందే చూసి పెట్టుకోండి.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి సంగతి వేరు. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 తరగతిలో 400 మీటర్లు పరుగెడుతుంది. 2024 మేలో కోబే ప్రపంచ పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, అదే ఏడు పారిస్‌లో కాంస్యం. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. డిగ్రీ పరీక్షల సలహాలు ఆమెలాంటి పిల్లలకు పెద్దగా వర్తించవు. కానీ ఆ పిల్లల తల్లిదండ్రులు ఈ పుస్తకం చదువుతుంటే ఒకటి గమనించండి. ఊళ్లో బడి వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడకపోతే, కోచ్ నాగపురి రమేశ్ చెయ్యి పట్టుకోకపోతే ఈ కథ లేదు. ఇక్కడ కట్టాల్సిన బల్లలన్నీ పెద్దవాళ్లే కట్టారు.

విశ్వవిద్యాలయమే బల్లకట్టు వేసిన చోటు కూడా ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టిమ్ న్యూజెంట్ అనే ఆయన 1948లో, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల్ని, పోలియో వచ్చిన విద్యార్థుల్ని చేర్చుకునే కార్యక్రమం మొదలుపెట్టాడు. ర్యాంపులు వేయించాడు, లిఫ్టు ఉన్న బస్సులు నడిపించాడు, చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ జట్టు కట్టించాడు. ముందు క్లాసుకు చేర్చే దారి, తర్వాత ఆట. దశాబ్దాల తర్వాత టాటియానా మెక్‌ఫాడెన్ లాంటి పారాలింపిక్ విజేతలు ఆ క్యాంపస్ నుంచే వచ్చారు. మన దగ్గర ర్యాంపు వేస్తే స్కూటర్లు పార్కు చేస్తారు. అది వేరే పుస్తకం.

గోడ మీద ఒకే కాగితం

జూన్‌లో అకడమిక్ క్యాలెండర్ ఇస్తారు. దాన్ని అటకెక్కించకండి. పెద్ద చార్టు ఒకటి కొని, పైన నెలలు వేసి, ఒక వరుసలో సెమిస్టర్ పరీక్షలు, ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్ రాయండి. కింద వరుసలో పోటీలు. జాతీయ పారా అథ్లెటిక్స్ పోటీలు చాలా ఏళ్లుగా ఏడాది మొదటి మూడు నెలల్లోనే జరుగుతున్నాయి. సరిగ్గా మీ ఇంటర్నల్స్, రికార్డులు, ప్రాజెక్టులు పోగుపడే కాలం అది. తేదీ తెలియని పోటీకి పెన్సిల్‌తో రాయండి.

మూడో వరుస ఒకటి గీయండి, చాలామంది వదిలేసేది. ఒళ్లు. ఏప్రిల్, మే ఎండలు అక్కడ ఎర్ర పెన్నుతో. వెన్నుపాము పై భాగంలో దెబ్బ తగిలినవాళ్లకు ఒంట్లో చాలా భాగం చెమట పట్టదు, లోపలి వేడి బయటికి పోదు. మిగతావాళ్లకు ఎండ చిరాకు, మీకు ప్రమాదం. ఆ రెండు నెలలు తెల్లవారుజామున అయిదున్నరకు, పక్కన నీళ్ల స్ప్రే సీసాతో, లేదా ఇండోర్‌లో. సెమిస్టర్ పరీక్షలు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి ప్రాక్టీసు తగ్గినా బెంగ వద్దు.

పరీక్ష రోజే ఒంటికి పోటీ రోజని కూడా గుర్తుపెట్టుకోండి. మూడు గంటల పేపరుకు అదనపు సమయం కలిపితే నాలుగు గంటలు. స్పర్శ లేని తుంటి మీద నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే పుండు పడొచ్చు, పుండు మానడానికి ఒక సీజన్ పట్టొచ్చు. షాట్‌పుట్ అమ్మాయి పావుగంటకోసారి చేతుల మీద బలం పెట్టి ఒంటిని కుర్చీలోంచి లేపి దించుతుంది. మొదటి పరీక్షలో ఇన్విజిలేటర్ అది చూసి చీటీలు పెట్టుకుందేమోనని లేపి సోదా చేయించాడట. రెండో పరీక్షకు ముందే ఆమె హాల్‌టికెట్‌కు డాక్టరు చీటీ పిన్ను చేసింది.

స్క్రైబ్‌తో నెట్ ప్రాక్టీసు

కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉండి రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్లు స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చు, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం తీసుకోవచ్చు. స్క్రైబ్‌ను మీరే తెచ్చుకుంటే అతని చదువు మీకంటే ఒక మెట్టు కిందుండాలని ఆ మార్గదర్శకాలు అన్నాయి. నలభై లేకపోయినా రాయలేని పరిస్థితి ఉంటే స్క్రైబ్‌ను కాదనకూడదని 2021లో సుప్రీంకోర్టు వికాశ్ కుమార్ కేసులో చెప్పింది.

ఒక మెట్టు కింద అన్నచోటే చిక్కు. బీఎస్సీ పేపరు ఇంటర్ కుర్రాడు రాస్తాడు. "ఫాస్ఫోరిలేషన్" అని మీరంటే వాడు ఎలా రాస్తాడో వాడికే తెలియాలి. రిలే పరుగులో బ్యాటన్ అందించడం రోజూ సాధన చేస్తారు కదా, ఇదీ అంతే. నెల ముందు నుంచి వారానికి ఒక పాత పేపరు ఆ స్క్రైబ్‌తోనే, గడియారం పెట్టుకుని రాయించండి. కష్టమైన మాటల చిట్టా ఒకటి తయారుచేసి వాడికి చదివి వినిపించండి. గైడ్ రన్నర్‌తో పరుగెత్తే చూపులేని ఆటగాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడడం చూశాను. ఇంకో మనిషి వేగానికి తన వేగం కలపడం వాళ్లకు ముందే వచ్చు.

మీ తరగతి ఏది

త్వరగా చెప్పేస్తాను. సదరం క్యాంపులో ధ్రువపత్రం మీద ఇచ్చిన వైకల్య శాతం వేరు, ఆటలో వర్గీకరణ వేరు. చేతిలో 60 శాతం సర్టిఫికెట్ ఉన్నా ఒక ఆటలో మీకు తరగతి దొరక్కపోవచ్చు, మరో ఆటలో దొరకొచ్చు. అథ్లెటిక్స్‌లో 11 నుంచి 13 దాకా చూపు, 20 మేధో వైకల్యం, 40, 41 పొట్టివాళ్లు, 50లు కూర్చుని ఆడేవాళ్లు. బ్యాడ్మింటన్‌కు వేరే అక్షరాలు. బధిరులకు పారాలింపిక్స్ కాదు, డెఫ్లింపిక్స్ ఉన్నాయి. మంచి చెవిలో 55 డెసిబెల్స్ పైన నష్టం ఉండాలి. తరగతి మారితే రాత్రికి రాత్రి మీ ప్రత్యర్థులు మారిపోతారు. డిగ్రీ రెండో ఏడులో ఉండగా అలా జరిగి, ఇక ఆట అయిపోయిందని ఏడ్చిన కుర్రాడిని నేనెరుగుదును. అతనికి డిగ్రీ పడవ మిగిలింది. రెండు పడవలు ఎందుకని అడిగేవాళ్లకు అతని పేరు చెప్పాలనిపిస్తుంది, కానీ అతను చెప్పొద్దన్నాడు.

ఏడాదికి ఒకటి వదలండి

మూడేళ్ల డిగ్రీ నాలుగేళ్లు పట్టడం ఓటమి కింద రాసుకోకండి. పెద్ద పోటీ ఉన్న సెమిస్టర్‌లో ఒకటి రెండు పేపర్లు తర్వాతకు పెట్టుకోండి. పెట్టుకునే ముందు ఇంట్లో చెప్పండి, ఫెయిలయ్యాక చెబితే ఎవరూ నమ్మరు. ఫైనలియర్‌లో ఒక పోటీ వదలండి. కాలేజీ అసలే కుదరకపోతే, తెలంగాణలో ఉన్నవాళ్లకు 1982లో ఓపెన్ యూనివర్సిటీగా పుట్టిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య ఉంది, ఇగ్నో ఉంది. అయితే దూరవిద్యలో గ్రౌండు ఉండదు, తోటి ఆటగాళ్లు ఉండరు. హాస్టల్‌లో ఉండాల్సిన వయసులో ఇంట్లో కూర్చోబెట్టడానికి పెద్దవాళ్లకు అదొక సాకు కాకుండా చూసుకోండి.

డబ్బు గురించి ఒక్క మాట. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, తెలుసు. అందులో వెయ్యి విడిగా తీసి పెట్టమని అమ్మను అడగండి. చక్రం ట్యూబు, పట్టీలు, చెవి మిషన్ బ్యాటరీ పోటీకి రెండు రోజుల ముందే పాడవుతాయి, ఎందుకో.

రెండో రంగు గీతలు

ఇప్పుడు ఆ రూళ్ల పుస్తకం తీయండి. ఏర్పాటు లేక పోతున్న గంటలన్నీ ఒకచోట రాసుకోండి. ఒక్కోదానికి ఒక అర్జీ. చట్టం ఇంగ్లీషులో రీజనబుల్ అకామడేషన్ అంటుంది. మన మాటల్లో, కుదిరిన సర్దుబాటు. దయతో ఇచ్చేది కాదు, కానీ అడగనిదే వచ్చేదీ కాదు. నోటితో అడిగితే నాలాంటివాడు సామెత చెప్పి పంపిస్తాడు. రాసి ఇవ్వండి. షాట్‌పుట్ అమ్మాయి రాసింది ఇలా ఉంది. ఇంగ్లీషులో రాసినా వరుస ఇదే ఉంచండి.

"ప్రిన్సిపాల్ గారికి. నేను బీకాం రెండో సంవత్సరం విద్యార్థిని. సదరం ధ్రువపత్రం నకలు జత చేశాను. జాతీయ పారా అథ్లెటిక్స్ పోటీలకు ప్రయాణంతో కలిపి తొమ్మిది రోజులు క్లాసులకు రాలేను. ఆ రోజులను ఆన్ డ్యూటీగా నమోదు చేయించగలరు. ఆ వారంలో ఉన్న రెండో ఇంటర్నల్ తిరిగి వచ్చిన తర్వాత రాయడానికి తేదీ ఇవ్వగలరు. కంప్యూటర్ ల్యాబ్ పై అంతస్తులో ఉన్నందున నా బ్యాచ్‌కు కింది గదిలో రెండు సిస్టమ్‌లు ఏర్పాటు చేయించగలరు. పోటీ ఆహ్వాన పత్రం, కోచ్ గారి లేఖ జత చేశాను."

చూడండి, ఇందులో ఎక్కడా "నా పరిస్థితిని దయతో గమనించి" లేదు. ఏం కావాలి, ఎప్పుడు కావాలి, ఆధారం ఏది, అంతే. లిఫ్టు అడగలేదు, రెండు కంప్యూటర్లు కిందికి దించమంది. లిఫ్టుకు ఫైలు కదలాలి, కంప్యూటర్లు దించడానికి అటెండర్ కదిలితే చాలు. పోటీకి నెల రోజుల ముందు ఇచ్చింది, వచ్చాక కాదు. హాజరు 75 శాతం నుంచి జారిపోయాక కండొనేషన్ ఫీజు కట్టి బతిమాలుకునే అవస్థ అందుకే రాలేదు. నా దగ్గరికి వచ్చిన ఆ క్రికెట్ కుర్రాడు ఇలాంటి కాగితం ముందే ఇచ్చి ఉంటే నా సామెత చెల్లేది కాదు. అయితే అలా ఇవ్వాలని వాడికి చెప్పాల్సింది కూడా నేనే.

అర్జీ రెండు కాపీలు తీసుకోండి. ప్రిన్సిపాల్ గారి చేతికి ఇచ్చినా సరే, టపాల్ కౌంటర్‌లో ఇంకోటి ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకోండి, చూపు లేనివాళ్లు ఆ నంబరు పైకి చదివించుకుని వాయిస్ రికార్డు చేసుకోండి. పన్నెండున్నర లోపు వెళ్లండి. గుమాస్తా గారు భోజనానికి లేచారంటే మళ్లీ మూడింటికే వస్తారు.